రిబ్బను కొసలు

రాజేందర్ ప్యాకెట్టును బల్ల మీద పెట్టలేదు, పడేశాడు. అందులోంచి నీలం రిబ్బను ముక్కలు నాలుగు జారి గమ్ము డబ్బా పక్కన పడ్డాయి. సవిత వంగి చూసింది. కొసల దగ్గర పోగులు లేచి, అరిగిన చీపురులా విచ్చుకుని ఉన్నాయి.

బోధన్ బస్టాండు వెనక సందులో రాజేందర్ దుకాణం. షీల్డులు, కప్పులు, శాలువాలు, సభల్లో గుండెల మీద పెట్టుకునే బ్యాడ్జీలు దొరుకుతాయి. బ్యాడ్జీ అంటే మధ్యలో గుండ్రటి అట్ట, చుట్టూ రిబ్బను పువ్వు, కింద రెండు తోకలు. ఆ తోకల కొసలు ఏటవాలుగా కోసి, పోగులు ఊడకుండా వేడి తగిలించి మూయడం సవిత పని. ఏడాదిగా రిబ్బను చుట్టలు తన ఊరు ఎడపల్లికి మోసుకుపోయి, ఇంట్లో చేసి తెచ్చి ఇస్తోంది. ఈమధ్య అత్త సత్తవ్వ కూడా చెయ్యి వేస్తోంది. బీడీ కంపెనీ నెలకు పది పన్నెండు రోజులకు మించి పని ఇవ్వడం లేదు. మిగతా రోజుల్లో సత్తవ్వ చేతులు ఊరికే ఉండలేవు. ఏమీ దొరక్కపోతే కొంగు అంచునే బీడీలా చుడుతూ కూర్చుంటుంది.

నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఆటల పోటీలకు చేయించుకున్న బ్యాడ్జీలివి. రెండు మాటలు చెప్పి వాపసు పంపారట. ఒకటి, పోగులు లేచాయి. రెండోది, పెట్టె తెరిస్తే బీడీ తంబాకు కంపు కొట్టింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారని మేడం ఫోనులో పావుగంట తిట్టిందని రాజేందర్ చెప్పాడు. చెబుతూనే ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం తిప్పుకున్నాడు.

“మీ అత్తది గద ఈ వాసన. వాసన ఎవరిదైతే పోగులు గూడ వాళ్లయే. ఇంక దీంట్ల సూసేదేమున్నది?” అన్నాడు.

ఆ లాటులో సగం సవితదే. సగం కాదు, ఎక్కువే. రాజేందర్ ఇచ్చిన, వేడి మొనతో కోసే కరెంటు రాడ్డుతో, గాజు పలక మీద అయిదేసి రిబ్బన్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక్క కోతతో కోసింది తను. సత్తవ్వ రాడ్డును ముట్టలేదు. కొవ్వొత్తి ముందు కూర్చుని ఒక్కొక్కటే చేసింది. ఇదంతా నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే రాజేందర్ ఇంకో మాట అన్నాడు.

సోమవారం నిజామాబాద్‌లో మహిళా సంఘాల పెద్ద సభ ఉంది. ఆరు వందల బ్యాడ్జీలు కావాలి. ఇక నుంచి పని ఇళ్లకు పంపేది లేదు, రేపటి నుంచి ఇక్కడే కూర్చుని చెయ్యాలి. ఈ ఆర్డరు మాట రాకుండా గడిచిందంటే ఆ టేబులు, ఆ కుర్చీ ఎప్పటికీ సవితవే.

“గని ముసలామె చెయ్యి పడొద్దు. ఒక్కటి పడ్డా నాకు తెలుస్తది. వాసన దాగదు,” అన్నాడు.

సవిత కుర్చీ వైపు చూసింది. నీలం ప్లాస్టిక్ కుర్చీ, వెనక్కి ఆనుకోవడానికి వీలున్నది, నెత్తి మీద ఫ్యానున్నది. ముప్పై రెండేళ్లొచ్చాయి, పని అన్నది ఎన్నడూ కుర్చీలో కూర్చుని చెయ్యలేదు. తల్లి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చునే వంగిపోయింది. అత్త వంగిపోయింది. తనూ పెళ్లికి ముందు ఆరేళ్లు అలాగే కూర్చుంది. తంబాకుకు దగ్గు పట్టుకుంటే ఇక చాట పట్టనని ఒట్టు పెట్టుకుని లేచింది. ఆ కుర్చీ కోసం నోరు మూసుకుంది. అబద్ధం చెప్పలేదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు బస్టాండు దాకా కూడా నిలవలేదు.

బస్సు ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని, పై కమ్మీ పట్టుకుని నిలబడింది. ముందు సీట్లో బడి నుంచి వస్తున్న ఆడపిల్ల రెండు జడల రిబ్బన్ల కొసలూ ఊడి వేలాడుతున్నాయి. ఆ పోగుల మీంచి చూపు తిప్పుకోవడం సవిత వల్ల కాలేదు. ఎడపల్లి దిగేదాకా బొటనవేలి గోటితో సంచీ పట్టీ కొసను గీకుతూనే ఉంది.

సత్తవ్వ వాకిట్లో కూర్చుని కొవ్వొత్తి కరిగి కారిన మైనాన్ని పళ్లెంలోంచి గీకి ముద్ద చేస్తోంది. రేపటి పనికి సిద్ధం చేసుకుంటోందన్న మాట. ఆ ముద్ద చూడగానే సవితకు చెప్పాల్సింది ఇంకా కష్టమైంది. చెప్పులు కూడా విడవకుండా చెప్పేసింది.

“అత్తమ్మా, రేపటి సంది నువ్వు రిబ్బన్లు ముట్టకు.”

సత్తవ్వ ఎందుకని కళ్లతోనే అడిగింది. తంబాకు వాసనొస్తోందని స్కూలు వాళ్లు వాపసు పంపారని సవిత చెప్పింది. సత్తవ్వ రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. అరచేతులు చూసింది, తిప్పి చూసింది, మళ్లీ పీల్చింది.

“నాకైతే ఏం వస్తలేదు బిడ్డా. నువ్వు సూడు,” అని చెయ్యి చాపింది.

సవిత వంగి చూడాల్సి వచ్చింది. వేళ్లు పసుపుగా, కొసలు నల్లగా, చర్మం ఎండిన ఆకులా గట్టిగా ఉంది. వాసన ఉంది. మొదటి రోజు ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ ఉన్న వాసనే అది. అన్నంలో కలిపి పెట్టినా, జ్వరమొచ్చి నుదుటి మీద తడిబట్ట వేసినా ఆ చెయ్యి అలాగే వాసన వేసేది. తనకు ఏనాడూ కంపు అనిపించలేదు. ఉన్నదని మాత్రం తలూపింది.

“ఇంకేమన్నరు?”

“కొసలకు పోగులు లేసినయంట.”

సత్తవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంచెంసేపు మైనం ముద్దను అటూ ఇటూ దొర్లించింది.

“వాసనంటే ఒప్పుకుంట బిడ్డా. ముప్పై అయిదేండ్ల సంది తంబాకులనే ఉన్న. పోగులంటే మాత్రం ఒప్పుకోను.”

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత లేచి వెళ్లి బావి గట్టు దగ్గర నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంది. సబ్బుతో రుద్దుకుంది. బట్టల పౌడరు వేసుకుని, కొబ్బరి పీచుతో గోళ్ల సందులు తోముకుంది. ఎర్రగా కందిన చేతులు ఆరబెట్టుకుంటూ మళ్లీ వాసన చూసుకుంది. ఏం వాసన పోగొట్టుకోవాలో తెలియని మనిషి అది పోయిందో లేదో ఎలా తెలుసుకుంటుంది? సవిత వంటింట్లో నిలబడి ఇదంతా కిటికీలోంచి చూసింది, కడుక్కోవద్దని ఒక్క మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

భర్త కృష్ణ చెరకు ట్రాక్టరు తోలుకుని మహారాష్ట్ర వైపు పోయాడు, వారం దాటితే గానీ రాడు. అన్నం పొయ్యి మీద ఉడుకుతుండగా సవిత అటక మీది డబ్బాలోంచి పాత లాటులో మిగిలిన ముక్కలు తీసింది. అత్త మూసిన కొసను గోటితో గీకింది. ఏమీ కాలేదు. పంటితో లాగింది. కొస మీద గాజు గీతలాంటి సన్నని అంచు వేలికి తగిలింది తప్ప పోగు కదల్లేదు. తను కోసిన ముక్కను గీకింది. రెండోసారికే ఒక పోగు పైకి లేచింది. మూడోసారికి దాని పక్కది.

దీంట్లో మాయమంత్రం ఏమీ లేదు. సత్తవ్వ కొసను మంటలో పెట్టదు, మంట పక్కన పెడుతుంది. కొస కరిగి మెరవగానే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కుతుంది. బీడీ మూతి మడిచి గోటితో అణిచే చెయ్యి అది. “వేలికి సుర్రుమనాలె, గప్పుడే కొస మూసుకున్నట్టు,” అంటుంది. ఆమె వేళ్లకు ఆ చురుకు లెక్కలో లేదు. సవిత రాడ్డు కింద అయిదు రిబ్బన్లూ ఒకేసారి తెగుతాయి, నిజమే. కానీ తెగినచోట కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. విడదీసినప్పుడు టప్పుమని సన్నని చప్పుడొస్తుంది. ఆ చప్పుడుతో పాటే మూసుకున్న అంచు కూడా చిరుగుతుంది. చూడ్డానికి నున్నగానే ఉంటుంది. నాలుగు చేతులు మారేసరికి బండారం బయటపడుతుంది.

సవిత ముక్కలన్నీ మళ్లీ డబ్బాలో వేసి మూత పెట్టింది. అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంది.

*

కుర్చీ బాగానే ఉంది. కూర్చునే మనిషికే కుదురు లేదు.

బుధవారం పొద్దున సవిత ఒక్కొక్క రిబ్బనే కోసింది. స్కేలు పెట్టి, రాడ్డు మొన ఆనించి, నిదానంగా. గంట గడిచాక రాజేందర్ వచ్చి బుట్టలోకి తొంగి చూశాడు. ఆరు వందల బ్యాడ్జీలంటే పన్నెండు వందల తోకలని, ఈ నడకన చేస్తే సభ అయిపోయాక అందుతాయని నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఆమెకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది. మధ్యాహ్నానికి రెండేసి పెట్టింది. రెండు అంటుకున్నా మెల్లగా తీస్తే ఏమీ కాదనుకుంది. గురువారం మూడు, మూడు నుంచి నాలుగు. శుక్రవారం పొద్దుటికి చెయ్యి దానంతటదే అయిదు తీసి పేర్చింది. టప్పుమన్న ప్రతిసారీ సవిత భుజాలు ఎగిరిపడేవి. పక్క దుకాణంలో మైకు టెస్టింగు చేస్తున్నప్పుడు మాత్రం ఆ చప్పుడు వినబడక కొంచెం నిమ్మళంగా ఉండేది.

టీ తాగుతుంటే వేలు కప్పు అంచును గీకేది. అద్దం పెట్టెలోని షీల్డుల్లో తన మొహం వంకరగా కనబడితే లేచి ఇంకోవైపు తిరిగి కూర్చునేది. ఫ్యాను గాలికి రిబ్బన్లు ఎగురుతున్నాయని ఫ్యాను ఆపేసింది, చెమట పడుతోందని మళ్లీ వేసింది. రాజేందర్ రెండుసార్లు చూసి, కొత్త జాగా కదా అలవాటవుతుందిలే అన్నాడు. మంచివాడే పాపం, ఆ మాటకొస్తే. తనకు పని జరగాలి, మాట రాకూడదు. మాట వస్తే అది ఎవరి మీదన్నా పెట్టడానికి ఒక మనిషి కావాలి. దుకాణంలో లేని మనిషి అయితే ఇంకా మంచిది.

ఇంటి దగ్గర సత్తవ్వ రిబ్బన్ల సంగతి ఏమీ అడగడం లేదు. బీడీ పని లేని రోజులవి. పొద్దున్నే నిమ్మకాయతో చేతులు కడుక్కుంటోంది, సాయంత్రం మళ్లీ కడుక్కుంటోంది. అన్నం వడ్డించేటప్పుడు గరిటె కొసన పట్టుకుని, చెయ్యి కంచానికి దూరంగా పెట్టి వడ్డిస్తోంది. సవితకు ఆ రెండు ముద్దలూ దిగడం లేదు. ఏమైందని సత్తవ్వ అడిగితే తలనొప్పి అంటోంది.

శనివారం పన్నెండింటికి రాడ్డులోని కాయిలు కాలిపోయింది. కాయిలు మార్చాలంటే నిజామాబాద్ పోవాలి, సోమవారం దాకా ఎవడూ చెయ్యడు. ఎనిమిది వందల తోకలు అయ్యాయి, నాలుగు వందలు మిగిలాయి. రాజేందర్ నెత్తి గోక్కుని, తిట్టాల్సినంతా రాడ్డునే తిట్టి, మిగిలిన చుట్టలు సంచీలో వేసి ఇచ్చాడు. రాడ్డు కింద కోసి, ఇంకా విడదీయని దొంతరలు కొన్ని కూడా అందులోనే పడ్డాయి. ఇంటికి పోయి కొవ్వొత్తితో చెయ్యమన్నాడు, నువ్వే చెయ్యాలని రెండుసార్లు చెప్పాడు.

సవిత ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి కొవ్వొత్తి ముట్టించింది. అత్త చేసినట్టే చెయ్యబోయింది. మంట పక్కన పెడితే కరగదు, లోపల పెడితే నల్లబడుతుంది. కరిగిందని వేళ్లతో పట్టుకుంటే ప్రాణం పోయినంత పని అయింది. అరవై చేసేసరికి బొటనవేలి మీద బొబ్బ లేచింది. వాటిలో సగం కొసలు మసిబారి కాటుక పెట్టినట్టున్నాయి. సత్తవ్వ దూరంగా లోపలి గడప మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. సలహా కూడా చెప్పడం లేదు. ముట్టొద్దన్నప్పుడు మాట కూడా ముట్టించకూడదనుకుందో ఏమో.

మూడు గంటలకు సవిత లేచింది. తల పగిలిపోతోందని, కొంచెంసేపు పడుకుంటానని అంది. బుట్ట, కత్తెర, చుట్టలు, కొవ్వొత్తి అన్నీ సత్తవ్వ రోజూ కూర్చునే గోనెపట్టా పక్కన పెట్టింది. అక్కడే ఎందుకు పెట్టావని ఎవరన్నా అడిగితే ఏం చెప్పేదో. ఎవరూ అడగలేదు. లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్ర పోలేదు. కత్తెర చప్పుడు మొదలైంది. అది ఆగదు, తొందరపడదు, ఒకే తీరుగా నడుస్తుంది. ఆ చప్పుడు వింటూ తనను తాను తిట్టుకుంది, అయినా లేవలేదు. చెయ్యొద్దని చెప్పింది తనే, చెయ్యమని బుట్ట పక్కన పెట్టిందీ తనే. ముసలామె చేతులు కావాలి, అవి ఆమెవని నలుగురికీ తెలియకూడదు. ఇంతకన్నా సిగ్గులేని పని సవిత తన జన్మలో చెయ్యలేదు.

అయిదింటికి లేచి వచ్చేసరికి పని అయిపోయింది. సత్తవ్వ చేతులు మళ్లీ నిమ్మచెక్కతో తోముకున్న గుర్తులున్నాయి. బుట్టలో రిబ్బన్లు ఇరవై అయిదేసి లెక్కన పేర్చి, దారంతో కట్టలు కట్టి ఉన్నాయి, అచ్చం బీడీ కట్టల్లాగే. అన్నీ కలిపి ఒక పాత బట్టలో మూట కట్టి ఉంది. సత్తవ్వ బీడీలకు కోసిన తునికాకు ఎండిపోకుండా చుట్టి పెట్టుకునే బట్ట అది. ముప్పై అయిదేళ్లుగా కోసింది ఏదైనా సరే ఆ బట్టలో చుట్టి పెట్టడమే ఆమెకు తెలుసు. చేతులు అంతగా కడుక్కున్న మనిషికి బట్ట సంగతి తట్టనే లేదు.

సవిత మూట విప్పింది. తంబాకు ఘాటు గుప్పుమంది. దాంతోపాటు ఇంకోటి కూడా కనబడింది. రాడ్డు కింద అంటుకుపోయిన దొంతరలను సత్తవ్వ విడదీయలేదు. అంటుకున్న కొస మేర కత్తెరతో తీసేసి, మళ్లీ కొత్తగా కోసి, మళ్లీ మూసింది. తీసేసిన ముక్కలు ఒక పక్కన కుప్పగా ఉన్నాయి. సవిత తల ఎత్తి చూస్తే సత్తవ్వ పొయ్యి ఊదుతోంది. ఇటు తిరగలేదు.

*

ఆదివారం దుకాణంలో సవిత చేసిన పని మాయదారి పనే. ఎవరూ రాకముందే వచ్చి, అత్త చేసిన మూడు వందల నలభై తోకలనూ బల్ల మీద పరిచి ఫ్యాను పెట్టింది. పౌడరు డబ్బా తెచ్చుకుని చల్లబోయి, నీలం మీద తెల్లగా మచ్చలు పడతాయని మానుకుంది. చివరికి రాడ్డు కింద కోసినవీ, తను కొవ్వొత్తితో చేసినవీ, ఇవీ అన్నీ పెద్ద పెట్టెలో వేసి రెండు చేతులా కలిపేసింది. కలిపితే వాసన పలచబడుతుందనుకుంది. తడి గమ్ము ఘాటుకు రాజేందర్ పసిగట్టలేదు. పువ్వులు అతికాయి, తోకలు అతికాయి, పిన్నులు పడ్డాయి. సాయంత్రానికి ఆరు వందల బ్యాడ్జీలు నాలుగు అట్టపెట్టెల్లో సర్దేశారు. రాజేందర్ సంతోషంగా మిర్చీ బజ్జీలు తెప్పించి, కుర్చీకి దిండు కూడా కుట్టించుకోమన్నాడు. సవిత తన బజ్జీని కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నిజామాబాద్‌లోని ఫంక్షన్ హాలు ముందు ఆటోలు, బస్సులు బారులు తీరాయి. సభ పదకొండింటికి. చుట్టుపక్కల మండలాల నుంచి ఆడవాళ్లు చీరల కుచ్చిళ్లు సర్దుకుంటూ దిగుతున్నారు. సవిత గేటు పక్కన బల్ల వేసుకుని బ్యాడ్జీలు పెడుతోంది. రాజేందర్ లోపల వేదిక మీద షీల్డులు సర్దుతున్నాడు. సంఘాల పెద్ద సుమిత్రమ్మ, లావుపాటి చెయ్యి, గట్టి గొంతు, ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరిస్తూ తిరుగుతోంది.

మొదట వచ్చిన ముగ్గురు ఆటో దిగి, పెట్టుకుని, ఒకరి గుండెల మీద బ్యాడ్జీ ఒకరు సవరించారు. ఆ సవరింపుకే ఒకామె తోక పోగులు విడిచింది. ఆమె పోగు పట్టి లాగింది. లాగినకొద్దీ వస్తోంది. పక్కామె నవ్వి తనది చూసుకుంది, అదీ అంతే. మూడో ఆమెది మాత్రం బాగుంది. పది నిమిషాల్లో బల్ల చుట్టూ గుంపు అయింది. పెట్టె అడుగున చూస్తే కుదుపులకే ఊడిన పోగులు నీలం జుట్టులా చుట్టుకుని ఉన్నాయి.

సుమిత్రమ్మ ఒక గుప్పెడు బ్యాడ్జీలు తీసి చూసింది. కొన్ని పోయాయి, కొన్ని చెక్కుచెదరలేదు. ఇదేం లెక్క అని అడిగింది. కలెక్టరాఫీసు నుంచి పెద్దలొచ్చే టైముకు అందరూ పోగులు వేలాడేసుకుని కూర్చోవాలా అని అడిగింది. రాజేందర్‌ను పిలిపించింది.

రాజేందర్ వచ్చి ఒక్క చూపు చూశాడు. మొహం నల్లబడింది. బ్యాడ్జీ ఒకటి ఎత్తి వాసన చూశాడు, ఇంకోటి చూశాడు, సవిత వైపు తిరిగాడు.

“ముసలామె ముట్టింది గద? నేను ముట్టొద్దంటి గద?”

గుంపులో ఆడవాళ్లంతా సవితనే చూస్తున్నారు. ముట్టలేదని ఒక మాట అంటే నమ్మడానికి అతను సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. ముట్టిందని తలూపితే కూడా చాలు, మిగతాది అతనే చెప్పుకుంటాడు, కుర్చీ దక్కుతుంది. రెండు దారులూ సులువైనవే. సవిత బొటనవేలి బొబ్బ మీద గోరు పెట్టి నొక్కింది. సుర్రుమంది.

“ముట్టింది అన్నా. నేనే ముట్టించిన,” అంది. బల్ల మీంచి రెండు తోకలూ పోగులు విడిచిన బ్యాడ్జీ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. “ఇది వాసన సూడు.”

రాజేందర్ చూశాడు. గమ్ము వాసన తప్ప ఏమీ లేదు. రెండు తోకలూ చెక్కుచెదరనిది ఒకటి ఇచ్చింది. చూశాడు. ఇంకో జత ఇచ్చింది, ఇంకో జత. ఊడినదల్లా ఉత్తిదే. నిలిచినదల్లా తంబాకు. నాలుగోసారి అతను చెయ్యి చాపలేదు.

“వాసన లేనియన్ని నావి అన్నా. ఆనాడు స్కూలుకు పోయినయి గూడ.”

రాజేందర్ చేతిలోని బ్యాడ్జీలు బల్ల మీద పెట్టేశాడు. సుమిత్రమ్మకు ఈ గొడవ అర్థం కాలేదు. వాసనేమిటని ఒక బ్యాడ్జీ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది, పక్కామెకు ఇచ్చింది, ఆమె ఇంకొకామెకు ఇచ్చింది. ఒక్కరికీ ఏ వాసనా రాలేదు. వాళ్లలో సగం మంది వేళ్లు సత్తవ్వ వేళ్లలాగే పసుపుగా ఉన్నాయి.

“ఏం వాసనయ్యా? నీ ముక్కుకేమన్న అయిందా?” అంది సుమిత్రమ్మ. తర్వాత ఆ మాట పక్కన పెట్టేసి, పని మాట ఎత్తింది. ఇంకా దగ్గరదగ్గర రెండు గంటలుంది, ఈ నిలిచినవాటిని మూసిన మనిషి ఎవరో ఆమెను పిలిపించండి, మిగతావి ఇక్కడే కూర్చుని మూస్తుంది, కావాలంటే పదిమందిమి కత్తెర పడతామంది. రాజేందర్ సవిత వైపు చూడకుండానే, ఫోన్ చెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. కుర్చీ సంగతి అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు. అది పోయిందో ఉన్నదో ఆలోచించడానికి ఆమెకు అప్పుడు తీరిక లేదు.

గోడ వారకు వెళ్లి ఫోను చేసింది. చాలాసేపు మోగాక సత్తవ్వ ఎత్తింది. వెనక కోళ్ల చప్పుడు వినబడుతోంది. నిజామాబాద్ బస్సెక్కి రావాలని, ఫంక్షన్ హాలు అని అడిగితే ఎవరన్నా చెబుతారని, రిబ్బన్ల పని ఉందని సవిత గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“అంతమందిల పనంటే... ఆగు బిడ్డా, నిమ్మకాయతోని చేతులు కడుక్కొని వస్త.”

“వద్దు అత్తమ్మా. కడుక్కోకు. ఎట్లున్నవో గట్లనే రా.”

సవితకు ఏడుపొచ్చింది. గోడకు తల ఆనించి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

“పోగులు లేసినయి నావి అత్తమ్మా. నీయి కావు. అప్పుడు గూడ నీయి కావు.”

అటువైపు తలుపుకు గొళ్లెం వేస్తున్న చప్పుడైంది, చెప్పులు వేసుకుంటున్న చప్పుడైంది.

“గది నాకెరుకనే,” అంది సత్తవ్వ. “కొవ్వొత్తి ఉన్నదా ఆడ, నేను తేవాల్నా?”